పాఠకుల ప్రశ్నలు: పడవలో తాగునీటికి ఏ ఫిల్టరు?

పడవల్లో తాగునీటి గురించి వచ్చిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. మొదటి జవాబు పెద్దదయింది. మిగతా జవాబులకు కావలసిన పునాది అందులోనే ఉంది కాబట్టి దానిని ముందుగా చదవవలసిందిగా మనవి.

ప్రశ్న: మా పడవలో 200 లీటర్ల ప్లాస్టిక్ మంచినీటి ట్యాంకు, 12 వోల్టుల పంపు, వంటచోట ఒక కుళాయి ఉన్నాయి. నలుగురం కలిసి ఒక్కోసారి వారం పది రోజులు నీటి మీదే గడుపుతాం. రేవులోని కుళాయి నుంచి ట్యాంకు నింపుకుంటాం. పట్టేటప్పుడు నీళ్ళు బాగానే ఉంటాయి గాని మూడో రోజుకల్లా వాసన వస్తాయి. అందుకని తాగడానికి విడిగా సీసాల నీళ్ళు మోసుకెళుతున్నాం. ఫిల్టరు పెట్టుకుందామని విచారిస్తే ఒకరు కార్బన్ ఫిల్టరు చాలన్నారు, మరొకరు యూవీ (క్రిములను అణచే అతినీలలోహిత కాంతి దీపం) తప్పనిసరి అన్నారు, ఇంకొకరు ఆర్వో (నీటిని ఒత్తిడితో సన్నని పొర గుండా నెట్టి లవణాలను వేరుచేసే యంత్రం) లేకపోతే లాభం లేదన్నారు. దేనిని ఎంచుకోవాలో వివరంగా చెప్పగలరు.

జవాబు: మీకు సలహా చెప్పిన ముగ్గురూ మూడు వేర్వేరు రోగాలకు మందులు చెప్పారు గాని, మీ నీటికున్న రోగమేమిటో అడిగినట్టు లేదు. దాని ఆనవాలు మీ ఉత్తరంలోనే ఉంది. పట్టిన నాడు బాగున్న నీళ్ళు మూడో రోజుకు వాసన వేస్తున్నాయంటే, తేడా మీ ట్యాంకులోనో గొట్టాల్లోనో వస్తోంది. కాబట్టి ఫిల్టరు మీద డబ్బు పెట్టేముందు ఒక గంట తీరిక చేసుకుని ట్యాంకు మూత తెరిచి చూడండి. చేతికి శుభ్రమైన తొడుగు వేసుకుని, నీటిమట్టానికి జానెడు కిందుగా లోపలి గోడను వేలితో రుద్దండి. శుభ్రంగా ఉన్న ప్లాస్టిక్ గోడ వేలి కింద కిర్రుమంటుంది. అలా కాకుండా వేలు జారిపోయి, చల్లారిన గంజి మీద తొరకలాంటి పల్చని జిగురు అంటుకుంటే, అది సూక్ష్మజీవులు కట్టుకున్న పొర. దీనినే బయోఫిల్మ్ అంటారు. కుళాయి నీటితో వచ్చిన కాస్త క్లోరిన్ ఈ పొర మీదే ఖర్చయిపోతుంది. ఆ తరువాత నీటికి కాపలా ఉండదు, వాసన మొదలవుతుంది. ఎంత మంచి ఫిల్టరు తెచ్చి కుళాయి దగ్గర బిగించినా ఈ పొర ఉన్నంతకాలం మీరు ట్యాంకులోని మురికిని కార్ట్రిడ్జిలోకి, అంటే ఫిల్టరు లోపల మార్చుకునే వడపోత భాగంలోకి, బదిలీ చేస్తున్నట్టే లెక్క.

ముందు ట్యాంకును శుభ్రం చేయండి. చెయ్యి అందినంత మేర మెత్తని బ్రష్షుతో గోడలు రుద్ది, అడుగున చేరిన మడ్డిని పూర్తిగా తోడివేయండి. క్లోరిన్ ఆ జిగురు పొర పైభాగాన్ని మాత్రమే చంపుతుంది, లోపలి దాకా దిగదు కాబట్టి రుద్దడం మానేసి మందు మీదే ఆధారపడితే నెల తిరగకుండా వాసన మళ్ళీ వస్తుంది. తరువాత ట్యాంకు నింపి, లీటరు నీటికి 50 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండేలా ద్రవరూపపు బ్లీచ్ కలపండి. 5 శాతం బలమున్న బ్లీచ్ అయితే ఒక మిల్లీలీటరులో సుమారు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంటుంది. అంటే లీటరు నీటికి ఒక మిల్లీలీటరు, మీ ట్యాంకుకు 200 మిల్లీలీటర్లు. సువాసన, నురగ కలిపిన రకాలు పనికిరావు. సీసా పాతదైతే బలం తగ్గిపోయి ఉంటుంది. బ్లీచ్‌ను ముందుగా ఒక బక్కెట్టు నీటిలో కలిపి ఆ తరువాతే ట్యాంకులో పోయండి. పడవలోని ప్రతి కుళాయినీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి, గొట్టాలన్నీ ఆ నీటితో నిండాక నాలుగు గంటలు కదపకుండా ఉంచండి. తరువాత ఖాళీ చేసి, వాసన పోయేదాకా రెండు మూడుసార్లు మంచినీటితో కడగండి. ఈ పని చేసేటప్పుడు పాత ఫిల్టరు ఏదైనా ఉంటే దాని కార్ట్రిడ్జి తీసి పక్కన పెట్టాలి. అల్యూమినియం లేదా స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులున్న పాఠకులు ఈ ఘాటు నీటిని అవసరానికి మించి నిలవ ఉంచకూడదు, ఎందుకంటే అది లోహాన్ని తినేస్తుంది. ఇంకొక మాట ప్రాణానికి సంబంధించినది: తెల్లని సున్నపు పొర వదలాలని బ్లీచ్‌తో పాటు వెనిగర్‌ను గాని, మరే పుల్లని ద్రవాన్ని గాని ఎప్పుడూ కలపకండి. ఆ రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. పడవ గది వంటి ఇరుకు చోట దానిని తప్పించుకోవడం కష్టం.

ఇప్పుడు ఫిల్టరు సంగతి. ఫిల్టర్లన్నీ ఒక్క పని చేయవు. వేటిని ఆపాలో వాటి పరిమాణం తెలిస్తే ఎంపిక సులభమవుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. కంటికి కనిపించే నలుసులు, తుప్పు రజను వంటివి 5 నుంచి 20 మైక్రాన్ల వడపోతకు ఆగుతాయి. విరేచనాలు తెచ్చే పరాన్నజీవులు గట్టి పెంకులో ఉండే దశను తిత్తి అంటారు. వాటిలో జియార్డియా తిత్తులు 8 నుంచి 12 మైక్రాన్లు, క్రిప్టోస్పోరిడియం తిత్తులు 4 నుంచి 6 మైక్రాన్లు ఉంటాయి. బాక్టీరియాలో చాలా రకాలు మైక్రాన్‌లో ఐదో వంతు నుంచి రెండు మైక్రాన్ల దాకా ఉంటాయి. వైరస్‌లు వాటికన్నా పదింతలు, అంతకన్నా ఎక్కువే చిన్నవి. నీటిలో కరిగిన ఉప్పు, లోహాల సంగతి వేరు. ఎంత సన్నని రంధ్రమైనా సాధారణ వడపోత వాటిని ఆపలేదు.

యాక్టివేటెడ్ కార్బన్ పని కొంత వేరు. అది వడకట్టడం కన్నా తన లోపలి రంధ్రాల గోడలకు పదార్థాలను అంటించుకోవడం ద్వారా ఎక్కువ పని చేస్తుంది. క్లోరిన్ వాసన, ప్లాస్టిక్ రుచి, కొన్ని రకాల రసాయనాలు దానికి అంటుకుపోతాయి. గుళికల రూపంలో ఉన్న కార్బన్‌లో నీరు దారి చేసుకుని జారిపోతుంది గాని, కార్బన్ పొడిని అదిమి గట్టి దిమ్మెగా చేసిన కార్బన్ బ్లాక్ రుచిని బాగుచేయడంతో పాటు సన్నని జల్లెడగా కూడా ఉపయోగపడుతుంది. 0.5 మైక్రాన్ల కార్బన్ బ్లాక్ పైన చెప్పిన రెండు రకాల తిత్తులనూ ఆపగలదు. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోండి. కార్ట్రిడ్జి మీద 'నామినల్' అని ఉంటే ఆ పరిమాణపు కణాలలో చాలా భాగాన్ని ఆపుతుందని మాత్రమే అర్థం. 'యాబ్సొల్యూట్' అని ఉన్నదే దాదాపు అన్నింటినీ ఆపుతుంది. అంతకన్నా గట్టి రుజువు కావాలంటే ఎన్‌ఎస్‌ఎఫ్ (నీటి ఫిల్టర్లను పరీక్షించి ధృవీకరించే అమెరికా సంస్థ) ప్రమాణాల అంకె చూడండి. 42 అని ఉంటే రుచికి, వాసనకు పరీక్షించారని అర్థం. 53 అని ఉంటే ఆరోగ్యానికి సంబంధించిన పరీక్ష జరిగిందని అర్థం, అందులోనూ తిత్తుల పేరు ప్రత్యేకంగా రాసి ఉండాలి. 55 యూవీకి, 58 ఆర్వోకు సంబంధించినవి. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో '99 శాతం' అని రాసి, దేనిలో 99 శాతమో చెప్పని సరుకును నేనైతే కొనను.

మీ పరిస్థితికి నా సలహా ఇది: ట్యాంకులో క్లోరిన్, కుళాయి దగ్గర కార్బన్ బ్లాక్. ఈ జంటకు బలమైన కారణం ఉంది. క్లోరిన్ బాక్టీరియానూ వైరస్‌లనూ చంపుతుంది గాని క్రిప్టోస్పోరిడియంను ఏమీ చేయలేదు. సరైన మోతాదులో క్లోరిన్ ఉన్న ఈతకొలనులో సైతం ఆ తిత్తి వారానికి పైగా బతకగలదు. కార్బన్ బ్లాక్‌కు వైరస్‌లను ఆపే శక్తి లేదు గాని క్రిప్టోస్పోరిడియం దాని రంధ్రాల్లో దూరలేదు. ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. పైగా ట్యాంకును కాపాడిన క్లోరిన్ రుచిని చివరి క్షణంలో కార్బన్ తీసేస్తుంది కాబట్టి మీ గ్లాసులోకి మందు వాసన రాదు. మోతాదు విషయంలో ఊహ పనికిరాదు. ఈతకొలనులకు వాడే పరీక్ష పట్టీలతో ట్యాంకు నీటిని చూడండి. క్లోరిన్ కలిపాక కనీసం 30 నిమిషాలు ఆగి చూసినప్పుడు లీటరుకు 0.5 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉండాలని, తాగునీటిలో 5 మిల్లీగ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. క్లోరిన్ ఏమీ లేని నీటికి లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున మొదలుపెట్టవచ్చు. మీ 200 లీటర్లకు అది 5 శాతం బ్లీచ్ 8 మిల్లీలీటర్లు అవుతుంది. అక్కడి నుంచి పట్టీ చూపేదాన్ని బట్టి సర్దుకోండి.

చాలామంది చేసే పొరపాటు ఒకటి ఇక్కడే చెప్పాలి. రేవులో నీళ్ళు పట్టే గొట్టానికే కార్బన్ ఫిల్టరు తగిలించి, శుద్ధి చేసిన నీటినే ట్యాంకులో పోస్తున్నామని సంతోషిస్తారు. నిజానికి ట్యాంకు గుమ్మంలోనే కాపలావాడిని పంపేసి, రక్షణ లేని నీటిని పది రోజులు వెచ్చని చీకట్లో నిలవ ఉంచుతున్నారు. గొట్టానికి తగిలించవలసింది నలుసులను ఆపే 5 లేదా 10 మైక్రాన్ల ఫిల్టరు మాత్రమే. ఆ గొట్టం కూడా తాగునీటికి తగిన రకమై ఉండాలి. ఎండలో పడి ఉన్న గొట్టంలో నిలిచిన నీరు వేడెక్కి రబ్బరు కంపు కొడుతుంది కాబట్టి, ట్యాంకుకు పెట్టేముందు రెండు నిమిషాలు నీటిని బయటికి వదిలేయండి. డెక్కు మీది నింపుడు మూత కింద ఉన్న రబ్బరు వలయం పగిలిందేమో, ట్యాంకు గాలి గొట్టం చివర సన్నని జాలీ ఉందో లేదో కూడా ఆ పూటే చూడండి. అలలు డెక్కు మీదికి ఎగసినప్పుడు ఉప్పునీరు ట్యాంకులోకి చేరేది ఈ రెండు దారుల్లోనే.

బిగించే చోటు గురించి. ఫిల్టరును పంపు తరువాత, ఒత్తిడి ఉన్న వైపే పెట్టాలి. పంపు పీల్చే వైపున సన్నని ఫిల్టరు పెడితే పంపు ఉక్కిరిబిక్కిరై పాడవుతుంది. అక్కడ ముతక జాలీ ఒక్కటే ఉండాలి. 12 వోల్టుల పంపులు మామూలుగా రెండు మూడు బార్ల ఒత్తిడి ఇస్తాయి. 0.5 మైక్రాన్ల దిమ్మె గుండా అంత ఒత్తిడితో నిమిషానికి రెండు నుంచి నాలుగు లీటర్ల నీరు వస్తుంది. ఇది తాగడానికీ వంటకూ చాలు గాని స్నానానికి చాలదు. అందుకే పడవలోని నీటినంతటినీ సన్నని ఫిల్టరు గుండా పంపకుండా, తాగునీటికి ఒక చిన్న కుళాయిని వేరుగా పెట్టించుకోండి. కార్ట్రిడ్జి ఆయుష్షు కూడా దీనివల్ల పెరుగుతుంది. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు ఐదు లీటర్లనుకుంటే నలుగురికి 20 లీటర్లు. 2,000 లీటర్ల సామర్థ్యమున్న కార్ట్రిడ్జి మీకు వంద రోజుల వాడకానికి సరిపోతుంది. అయితే లీటర్లు పూర్తికాకపోయినా తయారీదారు చెప్పిన గడువు, సాధారణంగా ఆరు నెలలు, దాటాక మార్చవలసిందే.

పది అంగుళాల పొడవున్న మామూలు కొలత బౌల్‌ను (కార్ట్రిడ్జి లోపల కూర్చునే డబ్బాను) ఎంచుకుంటే ఏ రేవులోనైనా కార్ట్రిడ్జి దొరికే అవకాశం ఎక్కువ. ఒకే కంపెనీ కార్ట్రిడ్జి తప్ప ఇంకేదీ పట్టని అందమైన నమూనాలు ఇంట్లో బాగుంటాయి గాని, దూరప్రయాణంలో అవి ఇబ్బంది పెడతాయి. నీటితో నిండిన బౌల్ బరువుగా ఉంటుంది, పడవ ఊగినప్పుడల్లా దాని మెడ మీద భారం పడుతుంది. పల్చని చెక్క పలకకు కాకుండా గట్టి అడ్డగోడకు బోల్టులతో బిగించండి. కింద బౌల్ దించి కార్ట్రిడ్జి లాగడానికి జాగా వదలండి. రబ్బరు వలయానికి ఆహార పాత్రలకు పనికొచ్చే సిలికాన్ గ్రీజు మాత్రమే రాయాలి. పెట్రోలియం జెల్లీ రాస్తే రబ్బరు ఉబ్బిపోతుంది, మీరు ఒడ్డున లేని రోజునే కారడం మొదలవుతుంది.

ఇక యూవీ. అది మంచి పరికరమే. 254 నానోమీటర్ల కాంతి బాక్టీరియానూ వైరస్‌లనూ, క్లోరిన్‌కు లొంగని క్రిప్టోస్పోరిడియంను కూడా పునరుత్పత్తి చేయలేకుండా చేస్తుంది. అయితే దానికి తేటనీరు కావాలి, దీపం చుట్టూ ఉన్న గాజు గొట్టం శుభ్రంగా ఉండాలి, బ్యాటరీలో కరెంటు ఉండాలి. దీపాన్ని సుమారు 9,000 గంటలకు, అంటే ఏడాదికి ఒకసారి మార్చాలి. పైగా దీపం దాటిన నీటికి తరువాత ఏ రక్షణా ఉండదు. శుద్ధి చేసిన కుళాయి నీటిని పట్టుకునే మీకు అది ఇప్పుడు అవసరమని నేను అనుకోను.

ప్రశ్న: ఇంట్లో వాడే ఆర్వో యంత్రం ఒకటి మా దగ్గర ఖాళీగా ఉంది. దానిని పడవలో బిగించి సముద్రపు నీటిని తాగునీరుగా మార్చుకోవచ్చా? వీలుకాకపోతే కనీసం ట్యాంకు నీటికైనా వాడవచ్చా?

జవాబు: సముద్రపు నీటికి ఏమాత్రం పనికిరాదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. ఆ నీటిని పొర గుండా అవతలికి నెట్టాలంటే ముందుగా దాదాపు 27 బార్ల సహజమైన ఎదురు ఒత్తిడిని జయించాలి. తగినంత నీరు రావాలంటే 55 నుంచి 60 బార్లు కావాలి. ఇంటి యంత్రం మూడు నుంచి ఐదు బార్ల మధ్య పనిచేస్తుంది. దానికి సముద్రపు నీరు పెడితే ఒక్క చుక్క కూడా అవతలికి రాదు. పంపు మార్చి ఒత్తిడి పెంచుదామనుకుంటే ఆ ప్లాస్టిక్ గొట్టాలూ డబ్బా పగిలి మనుషులకు దెబ్బలు తగులుతాయి. దయచేసి ఆ ప్రయత్నం చేయకండి.

పడవల కోసం తయారుచేసే వాటర్‌మేకర్లు వేరే ఉన్నాయి. లోపలి సూత్రం ఆర్వోనే అయినా వాటి పంపు, మెంబ్రేన్ (నీటిని వడకట్టే ఆ సన్నని పొర), గొట్టాలు ఆ ఒత్తిడికి తగినట్టు చేసినవి. చిన్న యంత్రాలు పది లీటర్ల సముద్రపు నీటిని పీల్చి సుమారు ఒక లీటరు మంచినీటిని ఇచ్చి, మిగతాదానిని చిక్కని ఉప్పునీరుగా వెనక్కు వదిలేస్తాయి. వాడిన ఒత్తిడిని మళ్ళీ ఉపయోగించుకునే రకాలకు లీటరు మంచినీటికి నాలుగైదు వాట్-అవర్ల కరెంటు సరిపోతుంది. ఆ ఏర్పాటు లేనివి అంతకన్నా బాగా ఎక్కువ తింటాయి. వారాల తరబడి రేవుకు చేరని వారికి ఆ ఖర్చు, శ్రమ తగినవే. వారాంతపు ప్రయాణాలకు పెద్ద ట్యాంకే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వాడకుండా వదిలేసిన వాటర్‌మేకర్ వాడేదానికన్నా త్వరగా చెడుతుంది. దాని మెంబ్రేన్‌కు ఇద్దరు శత్రువులు. మొదటిది నూనె. నీటిపై డీజిలు తెట్టు తేలే రేవుల్లో యంత్రాన్ని నడపకూడదు. రెండోది క్లోరిన్. మెంబ్రేన్‌ను వారానికొకసారి మంచినీటితో కడగాలి గాని, ఆ నీటిని ముందుగా కార్బన్ ఫిల్టరు గుండా పంపి క్లోరిన్ తీసేయాలి. ఆ చిన్న కార్బన్ కార్ట్రిడ్జిని మార్చడం మరచిపోయినందుకు ఖరీదైన మెంబ్రేన్ మొత్తం పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

ట్యాంకు నీటికి ఇంటి ఆర్వో పెట్టడం సాంకేతికంగా కుదురుతుంది గాని లెక్క కుదరదు. చాలా ఇంటి యంత్రాలు ఒక లీటరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు పారబోస్తాయి. 200 లీటర్ల ట్యాంకుతో బయలుదేరినవారికి అందులో 50, 60 లీటర్లే చేతికొస్తే మూడు రోజులకే వెనక్కు తిరగాలి. నీరు ఉప్పగా లేనప్పుడు, లోహాల కాలుష్యం ఉందన్న అనుమానం లేనప్పుడు పడవలో ఆర్వోకు పనిలేదు.

ప్రశ్న: మాది చిన్న పడవ. కరెంటు పంపు లేదు, కాలితో తొక్కే పంపు ఒక్కటే ఉంది. నదుల్లో, సరస్సుల్లో తిరుగుతాం కాబట్టి అక్కడి నీటినే తోడుకుని తాగాలనుకుంటున్నాం. ఏ ఫిల్టరు సరిపోతుంది?

జవాబు: కాలి పంపుకు సన్నని కార్బన్ దిమ్మెను తగిలిస్తే తొక్కలేక విసుగొస్తుంది. మీకు భూమ్యాకర్షణతో పనిచేసే ఫిల్టరు బాగా నప్పుతుంది. పైన ఒక సంచి లేదా డబ్బా, మధ్యలో ఫిల్టరు, కింద శుభ్రమైన పాత్ర ఉంటాయి. ఒక మీటరు ఎత్తు నుంచి వచ్చే ఒత్తిడి 0.1 బారు మాత్రమే అయినా, గొట్టంలా బోలుగా ఉండే సన్నని పోగులను కట్టగట్టి చేసిన హాలో ఫైబర్ ఫిల్టరుకు అది చాలు. 0.1 మైక్రాన్ల రకం బాక్టీరియానూ తిత్తులనూ ఆపుతుంది. మూసుకుపోయినప్పుడు శుభ్రమైన నీటిని వెనుక నుంచి ముందుకు పిచికారీతో నెడితే మళ్ళీ తెరుచుకుంటుంది. సిరామిక్ గొట్టాలు కూడా నమ్మదగినవే. పైపొరను బ్రష్షుతో గీకి చాలాకాలం వాడవచ్చు. కింద పడిన సిరామిక్‌ను మాత్రం నమ్మకండి. కంటికి కనబడని పగులు చాలు, నీరంతా వడపోత లేకుండా అందులోంచే వెళ్ళిపోతుంది. హాలో ఫైబర్‌కు ఆ బెడద గడ్డకట్టే చలిలో ఉంది. లోపల మిగిలిన నీరు మంచుగా మారితే పోగులు చిట్లుతాయి, బయటికి తేడా ఏమీ తెలియదు.

ఈ రెండూ వైరస్‌లను ఆపవు. ఒడ్డున జనావాసాలుండి, వాటి మురుగు వచ్చి నీటిలో కలిసే చోట్ల ఇది ముఖ్యమైన లోటు. వడకట్టిన తేటనీటిలో లీటరుకు 5, 6 శాతం బ్లీచ్ రెండు చుక్కలు వేసి 30 నిమిషాలు ఆగండి, లేదా కళపెళ మరుగుతుండగా ఒక నిమిషం ఉంచండి. సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల పైన ఉన్న సరస్సులైతే మూడు నిమిషాలు మరిగించాలి. నీరు బురదగా ఉంటే నేరుగా ఫిల్టరులో పోయకుండా రాత్రంతా బక్కెట్టులో తేరనిచ్చి, పైతేటను గుడ్డలో వడకట్టి పోసుకుంటే ఫిల్టరు అన్ని రోజులు ఎక్కువ వస్తుంది.

ఎక్కడ తోడుతున్నామన్నది ఏ ఫిల్టరు వాడుతున్నామన్నదానికన్నా ముఖ్యం. పడవలు గుంపుగా కట్టే రేవుల్లో తోడకండి. పడవ అడుగుకు నాచు పట్టకుండా పూసే రంగుల్లోని రాగి, ఇంజిను నూనె, మరుగుదొడ్ల నీరు అక్కడ కలుస్తాయి. సరస్సు మీద పచ్చరంగు కలిపినట్టు తెట్టు కనిపిస్తే ఆ చుట్టుపక్కల నీటిని తాగడానికే కాదు, వంటకు కూడా ముట్టుకోవద్దు. ఆ నీలి-ఆకుపచ్చ శైవలాలు వదిలే విషాలు నీటిలో కరిగి ఉంటాయి. హాలో ఫైబరు, సిరామిక్ వాటిని ఆపలేవు. మరిగిస్తే పోకపోగా, నీరు ఆవిరై విషం చిక్కబడుతుంది. ప్రవాహం మధ్యకు వెళ్ళి, పడవ ముందుభాగం నుంచి, ఒక మూర లోతున తోడుకోవడం మంచి అలవాటు.

ప్రశ్న: మా ట్యాంకు నీటిలో టీడీఎస్ మీటరు 90 చూపిస్తోంది. అంత తక్కువ ఉంటే ఫిల్టరు అక్కర్లేదా?

జవాబు: టీడీఎస్ మీటరు నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతోందో కొలిచి, కరిగిన లవణాల అంచనా చెబుతుంది. సూక్ష్మజీవుల గురించి దానికి ఏమీ తెలియదు. 90 చూపించే వాన నీటిలో కలరా క్రిములు ఉండవచ్చు, 400 చూపించే బావి నీరు నిక్షేపంగా ఉండవచ్చు. అయినా ఆ మీటరును పారేయకండి, పడవలో అది వేరే పనికి వస్తుంది. నింపిన రోజున అంకె రాసిపెట్టుకోండి. మధ్యలో హఠాత్తుగా పెరిగితే ఎక్కడో ఉప్పునీరు ట్యాంకులోకి కారుతోందన్నమాట. వాటర్‌మేకర్ ఉన్నవారికి మెంబ్రేన్ చెడిపోతున్న సంగతి కూడా ముందుగా ఈ మీటరే చెబుతుంది.

ప్రశ్న: ఏడాదిలో నాలుగైదు నెలలు పడవను కట్టేసి ఉంచుతాం. ఆ కాలంలో ఫిల్టరును అలాగే వదిలేయవచ్చా? వెండి కలిపిన కార్బన్ కాబట్టి లోపల క్రిములు పెరగవని అమ్మినవారు చెప్పారు.

జవాబు: వదిలేయకండి. కార్బన్‌లో చేర్చే వెండి సూక్ష్మజీవుల పెరుగుదలను నెమ్మదింపజేస్తుందే తప్ప నీటిని క్రిమిరహితం చేయదు. క్లోరిన్‌ను పీల్చేసిన కార్బన్ దిమ్మె, దానికి అంటుకున్న సేంద్రియ పదార్థం, కదలని నీరు, మూసిన గదిలోని వెచ్చదనం, ఇవన్నీ ఒకచోట చేరితే బాక్టీరియాకు అంతకన్నా అనువైన చోటు ఉండదు. ఒకసారి మూడు నెలలు కట్టేసి ఉంచిన పడవలో నేను ఫిల్టరు బౌల్ విప్పాను. మర తిరిగీ తిరగకముందే కుళ్ళిన గుడ్డు వాసన గదంతా నిండింది. తెల్లగా ఉండవలసిన కార్ట్రిడ్జి పైగుడ్డ బూడిదరంగుకు తిరిగి, పట్టుకుంటే వేళ్ళ మధ్య జారిపోయింది. బౌల్ అడుగున చెంచాడు నల్లటి మడ్డి ఉంది. అంతకు కొన్ని నిమిషాల ముందే ఆ కుళాయి నుంచి కెటిల్ నింపి పొయ్యి మీద పెట్టి ఉన్నాం. చూడడానికి ఆ నీళ్ళు తేటగానే ఉన్నాయి.

అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. పడవ కట్టేసే రోజున కార్ట్రిడ్జి తీసి పారేసి, బౌల్‌ను కడిగి, ఆరబెట్టి, ఖాళీగానే బిగించి పెడతాను. ట్యాంకూ గొట్టాలూ పూర్తిగా ఖాళీ చేసి కుళాయిలన్నీ తెరిచి ఉంచుతాను. చలికి నీరు గడ్డకట్టే చోట ఇది మరీ అవసరం, లేకపోతే బౌల్ నెర్రెలు విచ్చుతుంది. తడి కార్ట్రిడ్జిని తీసి ఎండబెట్టి మళ్ళీ వాడుకోవడం పొదుపు కాదు, లోపలి తేమ అంత తేలికగా పోదు. కొత్త కార్ట్రిడ్జిని సీలు తీయకుండా దాచి, పడవ మళ్ళీ కదిలేముందు మొదటి జవాబులో చెప్పినట్టు బ్లీచ్‌తో ట్యాంకు, గొట్టాలు శుభ్రపరిచి, ఆ నీరంతా పోయాకే బిగించాలి. బిగించాక మొదటి పది లీటర్లు నల్లని పొడితో వస్తాయి, వాటిని పారబోయండి. బౌల్ మీద ఆ రోజు తేదీని చెరగని సిరాతో రాయండి. వారం రోజుల కన్నా ఎక్కువ వాడకుండా ఉన్న ప్రతిసారీ తాగేముందు రెండు నిమిషాల పాటు కుళాయి వదిలేయండి.